తొడిమ దగ్గర తుంపిన పువ్వులు

నేను రిటైరయ్యానంటే అందరూ నవ్వుతారు. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు, ఒళ్ళో చిన్నపిల్ల, ఇదేం రిటైర్మెంట్ అంటారు. కానీ నాకు వేరే మాట దొరకడం లేదు. మానేశానంటే ఎవరి మీదో కోపంతో మానేసినట్టుంటుంది. తీసేశారంటే అబద్ధమవుతుంది. కాంట్రాక్టు ముగిసింది, పాప పుట్టింది, మళ్ళీ సంతకం పెట్టడానికి నేను వెళ్ళలేదు. అంతే.

అడవుల్లో, తీరాల్లో, రోడ్డు పక్క కాలవల్లో పూసే పువ్వులను చూసి ఏది ఏదో తేల్చి చెప్పడం నా ఉద్యోగం. అండమాన్ దీవుల మొక్కల సర్వే ప్రాజెక్టు ఒకదానిలో ఫీల్డ్ అసిస్టెంట్‌ని. ఇప్పుడు నా చోట ఇద్దరు అమ్మాయిలను తీసుకున్నారట. వారిలో ఒకమ్మాయి మొన్న ఫోన్ చేసి, "దీదీ, ఏ పుస్తకాలు చదవాలి?" అని అడిగింది. నేను రెండు మాటలు చెప్పేలోపు పాప ఏడ్చింది, ఫోన్ పెట్టేశాను. ఆ రోజు చెప్పలేకపోయిందంతా ఇది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం నిదానమని చెప్పింది కాబట్టి తేలిక మాటల్లోనే రాస్తాను. పాప నిద్రపోయాక రాస్తున్నాను. మధ్యలో లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుని వస్తుంటాను. ఎక్కడైనా మాట తెగినట్టుంటే అందుకే.

టూర్ బిల్లులు ఎలా పెట్టాలి, కాంట్రాక్టు ఎలా పొడిగించుకోవాలి అన్నవి ఆఫీసులో ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి.

జేబా, పడవా?

చేరిన కొత్తలో నాకు చాలా తెలుసనుకునేదాన్ని. బోటనీ డిగ్రీ. ఏ పువ్వు చూపించినా కుటుంబం పేరు ఠక్కున చెప్పగలను. మా పై అధికారి బిశ్వాస్ సర్. బెంగాలీ. మనిషి పొట్టి, కోపం పొడుగు. ఎంత వానలోనూ రెయిన్‌కోటు వేసుకోకుండా నల్ల గొడుగుతోనే అడవిలోకి నడిచేవారు.

మొదటి వారంలోనే సిప్పీఘాట్ దగ్గర రోడ్డు పక్క కాలవ గట్టున జీపు ఆపించారు. గడ్డిలో నీలి పువ్వులు. గోరంత ఉంటాయి. పొద్దున్న విచ్చుకుని, ఎండ ముదిరేసరికి కరిగి నీరైపోతాయి. మీరంతా చూసే ఉంటారు.

"ఏంటిది?" అన్నారు హిందీలో.

నేను పేరు చెప్పాను.

"అందులో ఏ రకం?"

ఊహించి ఒకటి చెప్పాను.

"నేను పేరు అడగలేదు. ఏం చూసి చెప్పావని అడుగుతున్నా. కూర్చో."

ఆ బురదలోనే కూర్చోబెట్టారు. పువ్వు వదిలెయ్యి, పువ్వు కింద దాన్ని పట్టుకుని ఉన్న ఆకు మడత చూడు అన్నారు. "విప్పు. జేబ్ హై యా నావ్? అడుగున కుట్టేసిన జేబులా ఉందా, రెండు వైపులా విడిపోయే పడవలా ఉందా? మఛువారే కీ బేటీ హో, జాలరి కూతురివి, పడవ సంగతి నీకు తెలియాలి కదా."

నాకు ఒళ్ళు మండింది. "సర్, మా నాన్న పడవ అడుగున కూడా కుట్టేసే ఉంటుంది. లేకపోతే మునిగిపోతాం," అన్నాను.

జీపు డ్రైవరు పగలబడి నవ్వాడు. సర్ గొడుగు కింద నుంచి నా వంక చూసి, "అచ్ఛా. అయితే జేబు, మడిచిన కాగితం అనుకో," అన్నారు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ కుదిరింది.

ఆ కాలవ గట్టునే రెండు రకాలూ పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని మడత అడుగున కుట్టేసినట్టుంది, ఆకు వెడల్పు, ఆకు కాడ కాండాన్ని చుట్టుకునే చోట ఎర్రటి వెంట్రుకలు. ఇంకోదాని మడత వేలు పెడితే పూర్తిగా విడిపోయింది, ఆకు సన్నం. పువ్వులు మాత్రం కవల పిల్లల్లా ఉన్నాయి. నేను నిలబడి చూసినంతసేపూ అవి ఒకటే. కూర్చుంటే రెండయ్యాయి.

మీరు చేరగానే ఎవరైనా మీ ఫోనులో మొక్క పేరు చెప్పే యాప్ పెడతారు. వాడండి, తప్పులేదు. కానీ అది నిలబడి చూసే మనిషి లాంటిది. బురదలో కూర్చోదు.

పసుపు పూల తీరం

ఇప్పుడు చెప్పే తప్పు నాది కాదు, సర్‌ది. చెప్పకపోతే మీకు ఆయన దేవుడనిపిస్తారు. దేవుళ్ళ దగ్గర పని నేర్చుకోలేరు.

మన తీరాల్లో ఇసుక అంచున గుబురుగా పాకే పసుపు పూల మొక్క ఒకటుంది. చిన్న పొద్దుతిరుగుడులా ఉంటుంది. ఆకు గరుకు, కోలగా ఉండి అంచుకు పళ్ళు. ఇక్కడిదే, ఎప్పటి నుంచో ఉన్నదే. ఇసుకను పట్టుకుని ఉంచేది అదీ, దానితోపాటు పాకే తీగలూ. ఇంకొకటి ఇళ్ళ ముందు అందం కోసం తెచ్చి పెంచితే గోడ దాటి బయటపడింది. దాని పువ్వూ అదే పసుపు, అదే సైజు. ఆకు మాత్రం నున్నగా మెరుస్తూ, మూడు వేళ్ళలా చీలి ఉంటుంది. ఇది పాకిన చోట వేరేదాన్ని బతకనివ్వదు.

ఒకసారి కాలేజీ పిల్లలు కొందరు తీరం శుభ్రం చేస్తామని, ఆ బయటి మొక్కను పీకేస్తామని ముందుకొచ్చారు. ఏది పీకాలో ఫోటో పంపమని ఆఫీసును అడిగారు. మేము అక్కడికి చేరేసరికి పిల్లలు పాటలు పాడుకుంటూ చాలా మేర పీకేశారు. కుప్పలు కుప్పలుగా వేశారు. సర్ ఒక కుప్ప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఆకు ఒకటి చేతిలోకి తీసుకున్నారు. గరుకు ఆకు. పళ్ళ అంచు.

"ఫోటో ఎవరు పంపారు?" అన్నాను మెల్లగా.

"నేనే," అన్నారు. "తొందరలో ఉన్నా. పువ్వు ఒక్కటే తీసి పంపించా."

ఆ వానాకాలం పెద్ద అలలకు ఆ తీరం ముక్క అంచు కోసుకుపోయింది. అప్పటి నుంచి మా ఆఫీసులో ఆకు లేని ఫోటో ఎవరు తెచ్చినా సర్ చూసేవారు కాదు. బాగానే ఉంది. కానీ ఆయన ఆ తప్పు మా దగ్గర ఒప్పుకున్నారు, ఆ పిల్లల దగ్గర ఒప్పుకోలేదు. పాపం, సాయంత్రం వాళ్ళు అలసిపోయి కొబ్బరి బోండాలు తాగుతుంటే చప్పట్లు కొట్టి పంపించారు. ఆ పిల్లలు ఇప్పటికీ తాము తీరాన్ని కాపాడామనే అనుకుంటూ ఉండొచ్చు. ఎక్కడైనా ఇంకో తీరంలో అదే మొక్కను పీకుతూ కూడా ఉండొచ్చు.

మనకు తెలిసింది మనలోనే ఉంచుకుంటే ఎంత నష్టమో అప్పుడే నేర్చుకోవలసింది. నేను నేర్చుకున్నది మాత్రం ఫోటోలో ఆకు ఉండాలన్నంత వరకే.

ఒంటాకు

తుష్నాబాద్‌లో మా అప్పన్న బాబాయికి ఒక వాలు స్థలం ఉంది. అసలు బాబాయేమీ కాదు, నాన్న వాళ్ళ ఊరివాడు. శ్రీకాకుళం తీరం నుంచి మా తాతల పడవలతో పాటే వచ్చిన కుటుంబం. మొదట వలలు అమ్మేవాడు, తర్వాత ఇసుక, మట్టి, ఇప్పుడు రెండు టిప్పర్లతో కాంట్రాక్టులు. ఆ వాలు తవ్వి చదును చేసి అద్దె గదులు కట్టాలని కొనుక్కున్నాడు.

ఒక వానాకాలం వేరే పని మీద అటు వెళ్ళిన సర్, నేను ఆ వాలు మీద, వక్క చెట్ల నీడలో, నేలకు అంటుకుని ఉన్న ఆకులు చూశాం. ఒక్కో మొక్కకు ఒకే ఆకు. గుండ్రంగా, విసనకర్రలా మడతలు మడతలుగా. కాండం లేదు, కొమ్మ లేదు, మట్టిలో చిన్న దుంప, దాని మీద ఆకు, అంతే. నేల మీద పెరిగే ఆర్కిడ్ ఇది, నెర్విలియా. మేము ఒంటాకు అనేవాళ్ళం.

సర్ భూతద్దం తీశారు. ఆకు తిప్పి అడుగు చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "ఇది రెండింటిలో ఏదైనా కావొచ్చు," అన్నారు. ఒకటి ఈ దీవుల్లో అక్కడక్కడా ఉన్నదే. రెండోది చాలా అరుదు, సర్ తన సర్వీసులో నేల మీద పెరుగుతుండగా ఎప్పుడూ చూడలేదు. ఆకు అడుగున ఊదారంగు, పైన సన్నటి నూగు రెండో దాని గుర్తులే గానీ, లేత ఆకైతే, నీడలో పెరిగితే మొదటిది కూడా అలా ఉండవచ్చు. తేల్చేది పువ్వే. పువ్వు మధ్యలో పెదవిలా ముందుకు వచ్చే రేకు ఒకటుంటుంది, దాని లోపల నూగు ఉందా లేదా చూడాలి.

చిక్కేమిటంటే ఈ మొక్కకు ఆకు ఉన్నప్పుడు పువ్వుండదు. ఎండలకు ఆకు మాడిపోయి, నేల మీద ఏ ఆనవాలూ లేకుండా పోయాక, మొదటి వాన పడగానే వట్టి నేలలోంచి కాడ లేచి పూస్తుంది. రెండు మూడు రోజులే. పువ్వు వాడాక ఆకు వస్తుంది. ఆకును చూసినవాళ్ళు చోటు గుర్తుపెట్టుకుని, ఎదురుచూసి, పూసే రోజున మళ్ళీ రావాలి. వేరే దారి లేదు.

బాబాయిని పిలిచాను. వానలో లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు.

"బాబాయ్, ఈ మూల కొన్నాళ్ళు తవ్వకు."

"ఏటుందమ్మా ఇక్కడ? బంగారమా?"

"మొక్క."

"మొక్కా! అండమాన్‌లో మొక్కలకి కరువొచ్చీసిందేటి? నరకలేక సస్తన్నాం."

"ఇది అరుదైంది కావొచ్చు. పువ్వు చూస్తే గానీ తెలీదు."

"మరి సూడు. పువ్వేదీ?"

"ఇప్పుడు రాదు. ఆకున్నప్పుడు పువ్వుండదు, పువ్వున్నప్పుడు ఆకుండదు."

బాబాయి పెద్దగా నవ్వాడు. "నేనూ మీ పిన్నీ లాగన్నమాట. నేనింట్లో ఉంటే అది గుళ్ళో ఉంటది, అది ఇంటికొస్తే నేను సైట్లో ఉంటాను." తర్వాత సర్ వైపు తిరిగి హిందీలో, "సాబ్, నా కూతురు లాంటిది అడిగింది. పువ్వు దాకా ఆగుతా. ఈ మూల వదిలి మిగతాది తవ్వుకుంటా," అన్నాడు. మళ్ళీ నాతో, "పువ్వు సూసీ నువ్వు 'వద్దు బాబాయ్' అన్నావనుకో, గోడ ఇటు జరిపీసి కట్టుకుంటాను. 'పర్లేదు' అన్నావనుకో, తవ్వీస్తాను. పక్కా?"

"పక్కా," అన్నాను.

మూడో జవాబు ఒకటి ఉండొచ్చని ఆ రోజు మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

పువ్వొచ్చింది, పాపకు జ్వరమొచ్చింది

ఆ చలికాలంలో పాప పుట్టింది. అంతకు కొద్దిగా ముందే సర్‌కు మెయిన్‌లాండ్ బదిలీ అయింది. ఆయన చోట ఎవరూ రాలేదు. నా కాంట్రాక్టు కూడా ముగిసింది. ఎండాకాలం వచ్చేసరికి తుష్నాబాద్ వాలు మీద ఆ చోటు తెలిసి, పువ్వును పరీక్షించగల మనిషి దీవుల్లో నేనొక్కదాన్నే. అది గొప్పగా కూడా అనిపించింది. ఇంట్లో పాపకు పాలు పడుతూ, నాప్‌కిన్లు ఉతుక్కుంటూ ఉన్న నాకు నాదంటూ ఒక పని ఇంకా మిగిలి ఉందని.

మొదటి వాన కురిసిన రెండో రోజు పొద్దున్నే ఫోన్.

"అమ్మాయ్! నీ పువ్వొచ్చీసింది! ఒట్టి నేల్లోంచి లేచిందే, ఆకూ లేదు, ఏటీ లేదు. నేను అడుగుపెట్టబోయి ఆగిపోయాను."

అప్పటికే పాప ఒళ్ళు కాలిపోతోంది. మా ఆయన ఓడ మీద పని చేస్తారు, నికోబార్ వైపు వెళ్ళి ఉన్నారు. ఫోన్ కలవదు. పాపను తీసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. డాక్టరు చూసి, "ఇప్పుడే ఏమీ చెప్పలేం. మామూలు జ్వరమే కావొచ్చు. రేపటి దాకా చూద్దాం. కనిపెట్టుకుని ఉండండి," అన్నారు.

అమ్మ బతు బస్తీ నుంచి వచ్చేసింది. ఎండుచేపల అంగడి మూసేసి వచ్చింది. నా మొహం చూసి సంగతి అడిగి తెలుసుకుని, "ఎల్లవే. నేనున్నాను కదేటి. నలుగుర్ని పెంచాను, దీన్ని ఒక్క పూట సూడలేనా? బస్సెక్కి ఎల్లి సూసీ వచ్చీ," అంది.

నేను వెళ్ళలేదు. మూడు నాలుగు గంటల పని. చెప్పులు వేసుకున్నాను కూడా. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి పాప నుదురు ముట్టుకుంటే ఇంకా వేడి. "ఆ గడ్డి పువ్వు ఎక్కడికీ పోదులే," అన్నాను అమ్మతో. పోతుందని నాకు తెలుసు.

బాబాయికి ఫోన్ చేసి ఫోటో పంపమన్నాను. వచ్చింది. సగం బాబాయి బొటనవేలు, సగం గోధుమరంగు మసక.

"పెదవి కనపడాలి బాబాయ్. మధ్యలో రేకు. లోపల."

"పువ్వుకి పెదవేటే? ఉండు, మీ పిన్నికిస్తాను ఫోను."

ఇంకొకటి వచ్చింది. పువ్వు పక్కన పిన్ని, తల మీద కొంగు, పెళ్ళి ఫోటోలో నిలబడ్డట్టు. నేను నవ్వాను. పాప పక్కనే కూర్చుని, ఆ ఒక్క నిమిషం నవ్వాను. తర్వాత నెట్‌వర్క్ పోయింది.

మర్నాడు పొద్దున్న తలుపు కొట్టిన చప్పుడు. బాబాయి భార్య, సింహాచలం పిన్ని. మొదటి బస్సుకు వచ్చింది. చేతిలో అరటాకు పొట్లం, అరటి నారతో కట్టి.

"నువ్వు రాలేవని మీ బాబాయి ఒకటే గింజుకుంటన్నాడు. నేనే తెల్లారగట్ల లేచి, తానం చేసి కోసుకొచ్చీసానే. ఒక్కటీ ఒదల్లేదు, సూడు."

పొట్లం విప్పాను. పూజకు కోసినట్టు, ప్రతి పువ్వూ తొడిమ దగ్గర తుంపి ఉంది. కాడ లేదు. మన ఇళ్ళలో పువ్వు తెమ్మంటే తెచ్చేది అలాగే. కాడతో, మట్టితో ఎవరు తెస్తారు? పల్చటి రేకులు, బస్సు వేడికి గోధుమరంగు ముద్దయ్యాయి. రేకుకు రేకు అంటుకుపోయింది.

"బాగున్నది ఒకటుంటే అది మాత్రం గంగమ్మ తల్లి పటానికి పెట్టీసాను," అంది పిన్ని. "పాపకి జొరం తగ్గాలని."

ఆమె చేతులు పట్టుకున్నాను. పిన్ని లోపలికి వెళ్ళి పాప పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసి ఏదో గొణుక్కుంటూ ఉంది. నేను వంటింట్లో స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి పువ్వులు తేలేశాను. భూతద్దం పెట్టి, సూదితో పెదవి రేకులు విడదీయబోయాను. చిరిగిపోయాయి. ఒకదాని లోపల నూగులాంటిది కనపడింది. అది నూగే కావొచ్చు. అరటి నార పీచు కూడా కావొచ్చు. ఎంతసేపు చూసినా రెండూ అనిపించింది.

మధ్యాహ్నానికి పాప జ్వరం దిగింది. మామూలు జ్వరమే.

అదే మాట

సర్‌కు ఫోన్ చేశాను. అంతా విన్నారు.

"అరుదైనదే కావొచ్చు సర్. నూగులా ఉంది."

"కావొచ్చు. కానీ 'కావొచ్చు' పేరు కాదు. పీచు కాదని చెప్పగలవా?"

"చెప్పలేను."

"అయితే తెలియదనే చెప్పాలి. తెలియనిదాన్ని తెలుసని ఒక్కసారి అన్నావంటే తర్వాత నువ్వు చెప్పేది ఎవరూ నమ్మరు."

ఆయన అన్నది నిజం. మీకూ అదే చెబుతాను. కానీ ఆ రోజు సర్ బాబాయికి తానే ఒక ఫోన్ చేసి ఉండాల్సింది. హిందీలో, సాబ్ గొంతుతో, "ఇంకో ఏడాది ఆగండి," అని. ఆయన చెయ్యలేదు. చెయ్యమని నేను అడగలేదు. తెలియదని చెప్పడం మాకు నేర్పారు, ఎవరితో ఎలా చెప్పాలో నేర్పలేదు.

బాబాయికి నేనే చెప్పాను. "తెలియలేదు బాబాయ్. పువ్వులు పాడైపోయాయి."

"తెలియలేదంటే... స్పెషల్ ఏటీ కాదన్నమాట."

"అలా కాదు..."

"సర్లే, అది పోనీ. పాపెలాగుంది?"

"తగ్గింది బాబాయ్."

"అమ్మయ్య. తిండి తిన్నావా నువ్వు? మొకం పీక్కుపోయుంటది. పిన్ని సెప్పింది."

నేను పాప సంగతి చెప్పాను. పాలు తాగుతోందని, నవ్విందని చెప్పాను. రెండు రాత్రులు నిద్రలేని మనిషిని, ఎవరో ప్రేమగా అడిగితే అదే చెప్పుకుంటూ పోయాను. మొక్క మాట మళ్ళీ ఎత్తలేదు. వానలు బలపడేలోపు పని అవ్వాలి కాబట్టి ఆ వారమే ఆ మూల జేసీబీ దిగింది. బాబాయి మాట తప్పలేదు. నేను "వద్దు" అంటే ఆపుతానన్నాడు. నేను అనలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో ఇదొక్కటీ మీకు చెప్పాలని ఇంత రాశాను. డాక్టరు ఆ రోజు నాతో అన్నది కూడా అదే మాట. ఇప్పుడే చెప్పలేం అన్నారు. ఆ మాటకు మా ఇల్లంతా మేలుకుని కూర్చుంది. అమ్మ అంగడి మూసింది, నేను గుమ్మం దాటలేదు, పిన్ని గంగమ్మ పటానికి పువ్వు పెట్టింది. నేను ఆ మాటే అంటే జేసీబీ వచ్చింది. డాక్టరు "చెప్పలేం" దగ్గర ఆగలేదు. "రేపటి దాకా చూద్దాం, కనిపెట్టుకుని ఉండండి" అన్నారు. నేను మొదటి సగమే చెప్పి ఊరుకున్నాను.

ఆ రోజు పాప దగ్గర ఉన్నందుకు నాకు బాధ లేదు. మళ్ళీ అదే రోజు వచ్చినా ఉంటాను. ఆ పిల్ల ఒళ్ళు చల్లబడిన క్షణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఆ వాలు సంగతి ఇంకొక్కరికి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పకుండా నాదని దాచుకున్నాను. ఆ బాధ మాత్రం పోవడం లేదు.

నీళ్ళ డ్రమ్ము పక్కన

తవ్విన మట్టి ఎక్కువగా సిప్పీఘాట్ వైపు పల్లపు స్థలాలు మెరక చెయ్యడానికి పోయింది. ఒక టిప్పరు మాత్రం బతు బస్తీలో అమ్మ ఇంటి ముందు పోయించాడు బాబాయి. వానొస్తే ముంగిట్లో నీళ్ళు నిలుస్తాయని అమ్మ ఎప్పటి నుంచో అడుగుతోంది.

రెండు నెలల తర్వాత పాపను ఎత్తుకుని వెళితే అమ్మ ముంగిలి ఊడుస్తోంది. నీళ్ళ డ్రమ్ము పక్కన చీపురు ఆనబోతున్న చోట, గుండ్రంగా, విసనకర్ర మడతలతో ఒక ఆకు.

"అమ్మా, ఆగు!"

అమ్మ అదిరిపడి చీపురు వదిలేసింది. "ఏటే, పామా?"

ఒక్కటే. చుట్టూ ఎంత వెతికినా ఇంకొకటి లేదు. సిప్పీఘాట్ మెరకలన్నీ తిరిగాను, పాపను చంకనేసుకుని. అక్కడ అప్పటికే సిమెంటు పడింది.

బాబాయి వచ్చి చూశాడు. వంగి, చేతులు వెనక్కి పెట్టుకుని చూశాడు, ముట్టుకోలేదు. "ఇదేనా? ఆయేల మా మూల నిండా ఉండేవి." తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు, "వద్దనుంటే ఆపీసేవోడినే."

"వద్దనడానికి నా దగ్గర ఆధారం లేదు బాబాయ్."

"ఆధారం ఎవుడడిగాడే? అడిగింది నువ్వు కదా. నువ్వడిగావనే కదేటి మొదట ఆపింది."

పాప దిగి ఆకు వైపు పాకుతుంటే బాబాయే ఎత్తుకుని, "అది ముట్టుకోకూడదు తల్లీ, అత్తారిల్లు కాదు అది," అని ఏదో అర్థం లేని మాట చెప్పి నవ్వించాడు.

ఆకు చుట్టూ అమ్మ ఇటుకలు పేర్చింది. మరుసటి ఏడు మొదటి వానకు రోజూ వెళ్ళి చూశాను. పువ్వు రాలేదు. దుంప దెబ్బతిని ఉంటుంది, కోలుకోవడానికి కొన్నేళ్ళు పట్టవచ్చు, అసలు పూయకపోవచ్చు. ఆకు మాత్రం వచ్చింది, ముందటి కంటే కాస్త పెద్దది. అడుగున ఊదారంగు.

ఇప్పుడు ఎండాకాలం. ఇటుకల మధ్య వట్టి మట్టి. ఇరుగుపొరుగు వాళ్ళు అమ్మను అడుగుతారట, ఏం పాతావు అక్కడ అని. అమ్మకు నేను ఈసారి "తెలియదు" అని చెప్పలేదు. "ఇదేంటో తేలేదాకా ఇక్కడ ఏదీ కదపకూడదు," అని చెప్పాను. ఎవరడిగినా అమ్మ అదే చెబుతోంది, నా కంటే గట్టిగా.

మీ ఇద్దరికీ ఇంకా పేర్లు, పుస్తకాలు చాలామంది చెబుతారు. నేను ఒక చోటు చెబుతున్నాను. బతు బస్తీ మెయిన్ రోడ్డులో ఎండుచేపల అంగడి ఎవరినడిగినా చూపిస్తారు. వెనకే ఇల్లు. గేటు తీయగానే కుడి పక్క నీలం రంగు నీళ్ళ డ్రమ్ము, దాని పక్కన ఇటుకలు. మొదటి వాన పడ్డాక వెళ్ళండి, మర్నాడు కూడా వెళ్ళండి. ఒకరికి కుదరకపోతే ఇంకొకరు వెళ్ళండి. కాడ లేస్తే పక్కన నేల మీద కూర్చుని, పెదవి లోపల చూడండి. తుంపకండి. ఆ రోజు నాకూ ఫోన్ చెయ్యండి, కానీ నా కోసం ఆగకండి. మా పాపకు ఒళ్ళు వెచ్చగా ఉంటే నేను రాను.